మంత్రిగారు తినబోయిన నత్త

సముద్రపు నత్తలో మాంసకృత్తులు మెండు, కొవ్వు తక్కువ, ఇనుము దండిగా ఉంటుందనీ, అలాంటి నత్తను ప్రజలందరి ముందూ తాను స్వయంగా తింటాననీ ఆహార మంత్రిగారు ప్రకటించారు. నత్త కోసం ఇంత తెగించిన నాయకుణ్ణి నేనెరగను. మైకులు అద్దెకిచ్చేవాణ్ణి కాబట్టి ఆ ఘట్టాన్ని వేదిక పక్క నుంచే చూసే భాగ్యం నాకు దక్కింది.

నత్త తిని ఎవరికో కడుపునొప్పి వచ్చిందని పుకారు పుట్టినప్పటి నుంచి రేవు బజారులో నత్తలు కొనే నాథుడు లేడు. వాటిని ఉడికించి అమ్మే నత్తలక్క దుకాణం మూతపడే దశకొచ్చింది. మంత్రిగారు ఒక్కటి నోట్లో వేసుకుంటే చాలు, జనం మళ్లీ వస్తారని ఆమె ఆశ. పొద్దున్నే తాజావి తెచ్చి, కడిగి, బాగా ఉడికించి, పొగలు కక్కుతున్న గిన్నెను వేదిక మీద పెట్టింది.

మంత్రిగారు చెయ్యి చాచారు. కార్యదర్శి ఆ చేతిని భక్తిగా ఆపాడు. పై అధికారి తినేముందు కింది ఉద్యోగి తినాలి, తిన్నాక గంటసేపు నిక్షేపంగా ఉండాలి. అది నిబంధన. కార్యదర్శి ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు ఇన్‌స్పెక్టర్ వైపు, ఇన్‌స్పెక్టర్ డ్రైవర్ వైపు చూశారు. చూడటానికి తన కింద ఎవరూ లేక డ్రైవర్ తిన్నాడు. తిని ఇంకోటి వెయ్యమన్నాడు. రెండోది నిబంధనల్లో లేదన్నారు.

గంట గడిచింది, డ్రైవర్ నిక్షేపంగా ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ తిన్నాడు. మరో గంటకు ఆఫీసరు. ఈలోగా మంత్రిగారు ఇనుము గురించి మళ్లీ మళ్లీ ప్రసంగించారు. ఎండ నడినెత్తికొచ్చింది. నత్తలక్క గాభరాపడి, ఇలా వదిలేస్తే పాడవుతాయి, కాస్త వేడి చేస్తానంది. శాంపిల్ ముట్టుకుంటే సాక్ష్యం తారుమారు చేసినట్టేనని ఆఫీసరు కళ్లెర్రజేశాడు. పోనీ ఐసు పెడతానన్నా ఒప్పుకోలేదు.

కార్యదర్శి గంట కూడా పూర్తయి మంత్రిగారి వంతు వచ్చేసరికి వేదిక మీద అందరూ ముక్కులు మూసుకున్నారు. తినడానికి పనికిరావని ఆఫీసరు అక్కడికక్కడే తేల్చేశాడు.

"పొద్దున బాగున్నాయి కదయ్యా," అంది నత్తలక్క.

"పొద్దునే తినేసి ఉంటే ఇవి పాడవుతాయని మనకు తెలిసేదే కాదమ్మా," అన్నారు మంత్రిగారు ఎంతో ఓపిగ్గా.

పెను ప్రమాదం తప్పిందని ఆయన మైకులో ప్రకటించి, తిని బతికిన నలుగురికీ సాహస పతకాలిస్తామన్నారు. నాకు నత్తలక్క మీద జాలేసింది. అయినా చప్పట్లు అందరికీ వినబడాలి కదా, సౌండు పెంచాను.

సభ ముగిశాక ఆఫీసరు గిన్నెకు, పొయ్యికి, దుకాణానికి సీలు వేశాడు. నేను పక్కనే వైర్లు చుట్టుకుంటున్నాను. అతను ఆమె దగ్గరికెళ్లి గొంతు తగ్గించాడు.

"రేపు మా ఇంటికి ఓ గిన్నెడు పంపమ్మా, పొద్దున పెట్టినట్టే వేడివేడిగా. పిల్లలకి ప్రోటీన్ కావాలి."

"దేంట్లో వండనయ్యా?" అందామె.