పెట్టె బాగుందమ్మా

ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. లెక్కల టీచరు తొమ్మిదింటి బస్సెక్కాలి. దూరపు ఊళ్లోని బడిలో మధ్యాహ్నంలోగా చేరిపోవాలి. చేరకపోతే ఆ ఉద్యోగం జాబితాలో వెనకున్నవారికి పోతుంది. ఆమెను బస్సెక్కించి భర్త తన ఫొటో స్టూడియో తెరుచుకోవాలి. పెట్టె సగం సర్దారో లేదో, పక్కింటి డ్రైవరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన వచ్చింది ఆ పెట్టె కోసమే. నిరుడు వీరు అడిగి తీసుకున్నారు. తీసుకున్న సంగతి మరిచారు. తన పెట్టెలోకి మడతమడతగా వాళ్ల బట్టలు దిగుతుంటే, నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

"పెట్టె బాగుందమ్మా," అన్నాడు.

"గట్టిది బాబాయ్ గారూ. ఎన్నాళ్లయినా చెక్కుచెదరదు."

"నన్నూ ఇవాళ్టి నుంచి దూరం బస్సుకి మార్చారు. రాత్రి అక్కడే పడక. బట్టలు ఎందులో పెట్టుకోవాలో ఏమిటో..."

భర్త తన స్టూడియో పేరున్న గుడ్డసంచీ తెచ్చి చేతిలో పెట్టాడు. "ఉంచేసుకోండి, తేలిగ్గా ఉంటుంది."

ఇక లేస్తాడనుకున్నారు. లేవలేదు.

"బస్సుకి టైమవుతున్నట్టుంది," అని టీచరు గోడ గడియారంతో అంది.

"కంగారెందుకమ్మా? డ్రైవరు రానిదే బస్సు కదలదు," అని ఆయన ధైర్యం చెప్పాడు.

"పోనీ, కాఫీ ఏమైనా..." అని ఆమె కదలకుండానే అడిగింది. అలా అడిగితే ఎవరైనా వద్దంటారు. ఆయన చక్కెర తక్కువ వేయమన్నాడు.

చివరికి భర్త వీధి తలుపు తాళంకప్ప తెచ్చి ఆయన ముందున్న బల్ల మీద పెట్టాడు. ఇంతకంటే స్పష్టంగా చెప్పడానికి మర్యాద ఒప్పుకోదు. డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బిగుసుకుపోయిందే! నూనె వేసి తెస్తానుండబ్బాయ్," అని తాళంతో సహా వెళ్లాడు.

"ఏమండీ, పారిపోదాం రండి!"

"తాళం ఆయన దగ్గరే ఉంది."

ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని, బట్టలసంచీ చంకన పెట్టుకుని, మెత్తబడిన తాళంతో వచ్చేసరికి తొమ్మిది దాటింది. వీధి చివరి బస్టాండుకి ముగ్గురూ పరుగెత్తారు. పెట్టెను ఆయనే పట్టుకున్నాడు. ఎంత లాగినా వదల్లేదు.

"మీకెందుకండీ శ్రమ? ఇటివ్వండి."

"పర్లేదబ్బాయ్. చేతికి అలవాటైన పెట్టే."

ఎంత మంచివాడో అన్నట్టు భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు.

బస్సు అక్కడే ఉంది. ప్రయాణికులు కిందికి దిగి మరీ తిడుతున్నారు. కండక్టరు ఎదురు పరుగెత్తుకొచ్చాడు.

"ఎక్కడికి పోయావయ్యా? మొదటి రోజే కొంప ముంచావు!"

ఎవరిని అంటున్నాడోనని టీచరు వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"ఈ బస్సు మీదా! ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్ గారూ!"

"చెప్పానుగా అమ్మా, డ్రైవరు రానిదే కదలదని."

దారిలో ఆయన బ్రేకును పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. పన్నెండు కాకముందే బస్సు బడి గేటు ముందు ఆగింది. పెట్టె దించి, పిడి మాత్రం వదలకుండా, ఆఖరి ప్రయత్నంగా అన్నాడు: "పెట్టె బాగుందమ్మా."

ఈసారి ఆమెకు అంతరార్థం అందింది. సిగ్గుతో తల దించుకుంది.

"అర్థమైంది బాబాయ్ గారూ. పొద్దుటి నుంచీ అడగలేక అవస్థ పడుతున్నారు కదూ?"

ఆయన కళ్లు చెమర్చాయి.

"మొదటి జీతం రాగానే మీకూ ఇలాంటిదే కొనిస్తాను."

అది ఏ దుకాణంలో దొరుకుతుందో ఆయనే చెప్పాడు.