ముల్లు మధ్యలో నిలిచిన యుద్ధం

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు ఇన్‌స్పెక్టరు గారి భోజనాల బల్ల మీద ఒక డ్రాగన్ అకాల మరణం చెందిందని తెలియజేయడమైనది. మృతుడి వయసు తొమ్మిది వందల సంవత్సరాలు. పోరాడిన కాలం నాలుగు నిమిషాలు. పొయ్యి మీద టీ ఇంకా పొంగలేదు.

ఇన్‌స్పెక్టరు గారంటే తూనికలు కొలతల శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్ళో ఆయన ముద్ర లేని తూనికరాయి లేదు. ఆయన్ని చూసి మనస్ఫూర్తిగా నవ్విన కొట్టువాడూ లేడు. డ్రాగన్లతో ఆయనకు పూర్వపరిచయం లేదు. అవి భార్య తరఫు ఆస్తి.

ఆవిడ పదకొండేళ్ళు ప్రతి ఆదివారం ఆ బల్ల చుట్టూ నలుగురిని కూర్చోబెట్టి ఆట నడిపింది. ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. నలుగురు పెద్దమనుషులు తాము మహావీరులమని అనుకుంటారు. ఐదో మనిషి ఒక అట్ట తెర వెనక కూర్చుని, కొండలూ కోటలూ రాక్షసులూ అన్నీ తానే అయి కథ నడుపుతుంది. వేసిన కత్తి తగిలిందో తప్పిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇరవై పడితే పిడుగు. ఒకటి పడితే కత్తి ఎవరి కాలి మీద వాళ్ళకే పడుతుంది. నలుగురూ బుద్ధిమంతులే. మిగతా ఆరు రోజులూ లోకంలో వాళ్ళు ఆడేదీ ఇదే. అక్కడ పాచిక కనిపించదు, అంతే తేడా.

ఏడాది కిందట ఆవిడ పోయింది. ఆదివారాల్లో ఇన్‌స్పెక్టరు గారి బాధ్యత అంతవరకూ టీ తేవడం ఒక్కటే. ఆవిడ పోయిన మూడో ఆదివారం నలుగురూ అలవాటు కొద్దీ తలుపు తట్టారు. తట్టాక గుర్తొచ్చి, గుమ్మంలో చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డారు. "రండి, నేను నడుపుతాను" అన్నారు ఈయన. వారం మొత్తంలో ఆ తలుపు తట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మనమూ చెప్పొద్దు.

ఇక వీరులు. పళ్ళ డాక్టరమ్మ ఖడ్గవీరుడు. వారమంతా నోళ్ళు తెరిపించి విసిగిన చేతికి ఆదివారం తలకాయలు కావాలి. డ్రైవింగ్ స్కూలు మాస్టారు దొంగ. చీకటి గుహలో కూడా వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసుకుని, చెయ్యి చూపించి మరీ మలుపు తిరిగే దొంగ. వైద్యురాలు ఇన్‌స్పెక్టరు గారి మరదలు, పోయినావిడ సొంత చెల్లెలు. ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. గాయానికి కట్టు కట్టే ముందు గాయపడ్డవాణ్ణి తిట్టడం ఆవిడ పద్ధతి. నాలుగోవాడు కిరాణా కొట్టాయన, మాంత్రికుడు. ఇతని త్రాసుకు ఇన్‌స్పెక్టరు గారు ఒకప్పుడు ఆరు నెలలు సీలు వేశారు. ఆ మర్నాడే ఆవిడ ఇతణ్ణి ఆటకు పిలిచింది. మొగుణ్ణి అడగలేదు.

ఈయన నడిపిన ఆ మొదటి ఆదివారం, డ్రాగన్ శవం చుట్టూ నలుగురూ దిగాలుగా కూర్చున్నారు.

"చప్పగా ఉంది సార్. రెండు వేట్లకే పోయింది. మా క్లినిక్కులో జ్ఞానదంతం ఇంతకంటే ఎక్కువ పోరాడుతుంది" అంది డాక్టరమ్మ.

"వీరులకు తగ్గ పోరాటం ఉండాలి ఇన్‌స్పెక్టరు గారూ. ప్రాణం మీదికి రావాలి" అన్నారు మాస్టారు.

మరుసటి వారం ప్రాణం మీదికి వచ్చింది. పదకొండు మంది మరుగుజ్జు దొంగలు చెట్ల మీంచి దూకి, టీ రాకముందే ఖడ్గవీరుణ్ణి బురదలో పడుకోబెట్టారు. మాంత్రికుడి గడ్డం అంటుకుంది. వైద్యురాలు ముగ్గురినీ తిడుతూ ఉండగా నాలుగో మనిషి, అంటే తానే, పడిపోయింది. దొంగ మాస్టారు దారి ఇచ్చి పక్కకు తప్పుకుని బతికారు.

"ఇది పోరాటమా, కక్షా?" అంది డాక్టరమ్మ.

"ప్రాణం మీదికి రావాలన్నారు కదమ్మా."

"మీదికి రమ్మన్నాం సార్. తీసుకుపొమ్మనలేదు."

పోరాటం ఎంత కష్టంగా ఉండాలో ఎవరికి వారు చీటీ మీద రాసి ఇవ్వాల్సిందిగా ఇన్‌స్పెక్టరు గారు నోటీసు ఇచ్చారు. చీటీలు నాలుగూ గడువులోగానే అందాయి. అందరూ కష్టం కావాలనే రాశారు. పోరాటం భీకరంగా ఉండాలనీ, దొంగ ఈమధ్య మరీ సుఖపడుతున్నాడు కనుక ఆ భీకరత్వం అటు మళ్ళించాలనీ డాక్టరమ్మ కోరింది. దెబ్బలు ధైర్యవంతులకే శోభ కనుక ఖడ్గవీరుడికి పెంచాలని మాస్టారు సిఫారసు చేశారు. తనకేం జరిగినా పర్వాలేదనీ, జరిగితే మాత్రం ఇక రాననీ మరదలు రాసింది. కొట్టాయన చీటీ మీద "మీ ఇష్టం అండి" అని ఉంది. నాలుగింటిలోనూ అనుమానాస్పదమైనది అదొక్కటే.

ముప్ఫై మూడేళ్ళ అనుభవం ఎందుకు ఉన్నట్టు? ఇన్‌స్పెక్టరు గారు అటక మీంచి ఇత్తడి త్రాసు దించారు. పదవీ విరమణ రోజు శాఖ వారు బహూకరించినది. భార్య కుట్టుపని డబ్బాలోంచి గుండీలు తీశారు. వీరుల బలానికి మార్కుకో గుండీ చొప్పున ఎడమ పళ్ళెంలో పోశారు. కుడి పళ్ళెంలోకి రాక్షసులు రావాలి. ఒక గుహ భల్లూకానికి ముప్ఫై గుండీలు. దాని వెనక ఆరుగురు మరుగుజ్జులకు తలా ఎనిమిది. ముల్లు మధ్యకు వచ్చింది కానీ వెంట్రుకవాసి ఎడమకు ఆగింది. ఇంకో గుండీ వేస్తే కుడికి వాలింది. డబ్బా అడుగున అంచు చిట్లిన నల్ల కోటు గుండీ ఒకటి దొరికింది. ముందు వేసింది తీసి ఇది వేస్తే ముల్లు గుడ్డివాడు తడిమినా తెలిసేటంత నిటారుగా నిలిచింది.

ఆ విధంగా ఒక మరుగుజ్జు అదనంగా నియమితుడయ్యాడు. గుండీ చిట్లింది కనుక అతడు కుంటివాడు. మిగతావాళ్ళకు ఉన్నట్టు అతడికి దోపిడీ ఆశలు గానీ పూర్వవైరాలు గానీ లేవు. తూకం కోసం పుట్టాడు.

ఆదివారం త్రాసును బల్ల మధ్య పెట్టి, ఇన్‌స్పెక్టరు గారు లేచి నిలబడి చదివారు. "ఈ పోరాటంలో ఉభయ పక్షాల బలం నా సమక్షంలో తూచబడి, వెంట్రుకవాసి తేడా లేకుండా సమానమని ధ్రువీకరించడమైనది."

చప్పట్లు కొట్టారు. న్యాయమంటే ఇదీ అన్నారు మాస్టారు. ఇంత నిక్కచ్చిగా నడిపినవారు ఏ ఊళ్ళోనైనా ఉన్నారా అంది డాక్టరమ్మ. కొట్టాయన మాత్రం త్రాసు వంక చూసి కొద్దిగా వెనక్కి జరిగాడు. పాత భయం.

యుద్ధం మూడున్నర గంటలు సాగింది. పాచికలన్నీ అందరి కళ్ళ ముందే పడ్డాయి. నాలుగున్నరకు దొంగ పోయాడు. ఐదుకు భల్లూకమూ మాంత్రికుడూ ఒకరి మీద ఒకరు పడి పోయారు. వైద్యురాలు ఖడ్గవీరుణ్ణి రెండుసార్లు బతికించి, మూడోసారి తిట్టడానికి ఊపిరి చాలక ఒరిగింది. చివరికి ఖడ్గవీరుడు ఒకవైపు, చిట్లిన గుండీ ఒకవైపు మిగిలారు. డాక్టరమ్మ పాచిక వేసింది. ఒకటి. కుంటివాడికి వేశారు. పదిహేను.

నియమావళి ప్రకారం ఆ మరుగుజ్జు విజేత. రాజ్యమూ నిధీ అతడికి సంక్రమించాయి. అతడు కుంటుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

బల్ల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడారు.

"సమానమంటే నిజంగా సమానం చేసేస్తారా సార్ ఎవరైనా?" అంది డాక్టరమ్మ.

"మరి సమానమంటే ఏమిటమ్మా?"

"మనం గెలిచేంత సమానం!"

"గ్రంథాలయం హాల్లో ఇంకో జట్టు ఆడుతోందట. ఆరేళ్ళలో ఒక్కడూ చావలేదట. అయినా యుద్ధాలు మహా తీవ్రమట" అన్నారు మాస్టారు, ఎవరితో అన్నదీ తెలియకుండా.

మరదలు కప్పులు తీస్తూ ఆగింది. "బావా, వచ్చే వారం నాకు కుదరకపోవచ్చు. మోకాలు నొప్పి."

ఆవిడ మోకాలికి ఇరవై ఏళ్ళుగా నొప్పి. ఇన్నేళ్ళలో ఏ ఆదివారమూ అది అడ్డు రాలేదు.

సోమవారం పొద్దున ఇన్‌స్పెక్టరు గారు బల్ల తుడవలేదు. ఆరు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని భార్య నోటుబుక్కు తెరిచారు. పదకొండేళ్ళు అదే మనుషుల్ని అదే కుర్చీల్లో కూర్చోబెట్టిన మనిషి రాక్షసులకు ఎంతెంత ప్రాణం పెట్టేదో లెక్క చూసి నేర్చుకుందామని. రెండు వందల పన్నెండు మంది రాక్షసులు వరసగా ఉన్నారు. ఒక్కొక్కరి రంగు, అరుపు, దేనికి భయపడతాడు, వాళ్ళమ్మ పెట్టిన పేరు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. ప్రాణం అన్న గడిలో మాత్రం ప్రతివాడికీ ఒకటే మాట.

"చూద్దాం."

పేజీలు తిప్పారు. చూద్దాం. చూద్దాం. ఏడు తలల సర్పానికి, తలకొకటి చొప్పున ఏడు చూద్దాంలు. అంచుల్లో పెన్సిల్ రాతలు. "డాక్టరమ్మ ఈ వారం డీలాగా ఉంది, చివరి వేటు ఆమెకి." "చెల్లి కళ్ళలో నీళ్ళు కనపడితే రాక్షసుడు జారిపడాలి." "మాస్టారు ఒక్కసారైనా భయపడాలి, లేకపోతే రాత్రికి నిద్రపోడు." "ఈయన టీ తెచ్చేలోగా ముగించాలి, చల్లారితే అలుగుతారు." ఎక్కడో మధ్యలో, "పాచిక మీద పద్దెనిమిది, నేను చెప్పింది మూడు. కొట్టాయన చూశాడు. నవ్వాడు. చెప్పలేదు."

ముప్ఫై మూడేళ్ళు ఊళ్ళో దొంగ తూకాలు పట్టుకున్న అధికారి ఇంట్లో, ఆయన టీ కాచుకుంటూ ఉండగా, గోడకు అవతల పదకొండేళ్ళు నిరాటంకంగా దొంగ తూకం నడిచింది. శాఖ చరిత్రలో ఇంత పెద్ద కేసు లేదు. ముద్దాయి అందుబాటులో లేదు. ఆయన చాలాసేపు "అలుగుతారు" అన్న మాట దగ్గరే ఉన్నారు.

అటుపై నలుగురికీ ఒక ఉత్తర్వు అందింది. గత ఆదివారపు మరణాలను పునఃపరిశీలించి రద్దు చేయడమైనదనీ, కుంటి మరుగుజ్జు విజయం సాంకేతిక కారణాల వల్ల చెల్లదనీ, నిధిని వాడి నుంచి స్వాధీనం చేసుకోవడమైనదనీ, యుద్ధం మళ్ళీ జరుగుతుందనీ.

నలుగురూ వచ్చారు. మోకాలు కూడా వచ్చింది. చనిపోయి బతికినవాళ్ళ మొహాల్లో ఆ ఉత్తర్వు మీద ఆశ్చర్యమేమీ లేదు. కుంటివాణ్ణి ముందు వరసలో నిలబెట్టాలని డాక్టరమ్మ అడిగింది. నిలబెట్టారు.

ఈసారి ఇన్‌స్పెక్టరు గారు తెర వెనక పాచిక వేశారు. చిట్లిన గుండీ తరఫున పడింది ఇరవై. పిడుగు. ఆయన దాని వంక చూశారు. మళ్ళీ చూశారు.

"రెండు" అన్నారు.

"తప్పింది!" అని డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. మొదటి అబద్ధం తర్వాత మిగతావి ఇబ్బంది పెట్టలేదు. దొంగ ఒక్కసారి చచ్చేంత భయపడ్డాడు. మాంత్రికుడి గడ్డం రెండోవైపు అంటుకుని ఆరిపోయింది. మరదలి కళ్ళలో నీళ్ళు కనపడగానే భల్లూకం జారిపడింది. టీ పొంగే వేళకు చివరి వేటు డాక్టరమ్మదే అయింది.

"ఇదీ సమతూకమంటే! వెంట్రుకవాసిలో బయటపడ్డాం!" అన్నారు మాస్టారు చెమట తుడుచుకుంటూ. నిష్పాక్షికతకు మెచ్చి ఇన్‌స్పెక్టరు గారికి ధన్యవాద తీర్మానం చేశారు. ఆ త్రాసు అందరికీ కనపడేలా గోడకు వేలాడదీయాలని కూడా తీర్మానించారు. గాలికి ముల్లు ఊగకుండా దారంతో మధ్యలో కట్టేశారు.

మరదలు చెప్పులేసుకుంటూ, "అక్క ఉన్నప్పుడు ఉన్నట్టే ఉంది బావా" అంది. ఆయన టీ కప్పులోకి చూశారు.

కొట్టాయన కప్పులు కడగడానికి ఆగాడు.

"బాగా నడిపారండి. ఒక్క మాట, ఏమనుకోకండి. తప్పు చెప్పే ముందు పాచిక వంక రెండోసారి చూడకూడదండి. నేనూ కొత్తలో త్రాసు వంక అలా చూసే దొరికిపోయాను."

"ఎవరికి?"

"మీకేనండి."

ఇన్‌స్పెక్టరు గారు కడిగిన కప్పు ఒకటి అందుకుని అడిగారు. "సీలు తీశాకైనా సరిగ్గా తూచావా?"

"తూచానండి. మీ మీద ఒట్టు. వారం రోజులు ముల్లు నడిమధ్యన నిలబెట్టి ఇచ్చాను. ఒక్కరూ మళ్ళీ రాలేదు. తమ వైపు వాలలేదని అందరికీ కోపమేనండి. ఎదురు కొట్టువాడు పళ్ళెం కింద అయస్కాంతం పెట్టి వాల్చి చూపిస్తాడు, ఇచ్చేది తక్కువే. అక్కడ నిలబడ్డారు వరసగా." కప్పు బోర్లించి చెయ్యి తుడుచుకున్నాడు. "అమ్మగారు నయం కదండీ. వాల్చి చూపించారు, నిండుగానూ ఇచ్చారు."

ఇప్పుడు ఆ బల్ల దగ్గర కుర్చీలు చాలడం లేదు. గ్రంథాలయం జట్టులోంచి కూడా ఇద్దరు వచ్చేశారు. కొత్తవాళ్ళు ముందు ఇక్కడ ఆట న్యాయంగా జరుగుతుందా అని అడుగుతారు. గోడ మీది త్రాసు చూపిస్తారు. ముల్లు మధ్యలో కదలకుండా ఉంటుంది. దారం అందరికీ కనిపిస్తుంది. ఎవరూ అడగరు.

పాఠకులు కూడా రావచ్చు. ఆదివారం మూడింటికి. మీ పక్షానికీ అవతలి పక్షానికీ సమానంగా తూచబడుతుందని హామీ. అవతలి పక్షంలో ముందు వరసలో అంచు చిట్లిన నల్ల గుండీ ఒకటి ఉంటుంది. ఆ ఇంట్లో న్యాయంగా ఒక యుద్ధం గెలిచినవాడు ఇంతవరకు వాడొక్కడే. మొదటి వేటు వాడి మీదే వేయండి. అందరూ అలాగే వేస్తున్నారు.