పళ్ళాయన రహస్య భాష

ఊళ్ళో సగం మంది పెద్దవాళ్ళు ఆయన చేసిన పళ్ళతోనే నములుతున్నారు. డాక్టరమ్మగారి పళ్ళ ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేయడం ఆయన పని. అచ్చు పోసి, పన్ను పక్కన పన్ను పేర్చి, అరగదీసి, మెరుగు పెట్టి ఇస్తాడు. అందుకే వీధంతా ఆయన్ని ‘పళ్ళాయన’ అంటుంది. వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం తలుపు తట్టి అరటిపళ్ళున్నాయా అని అడిగి పోతుంటారు.

అంతటి పళ్ళాయనకి పన్ను పోటు వచ్చింది.

కుడి దవడలో అన్నిటికంటే వెనకది. పీకించుకుంటే పోయేదే. కానీ ఇన్నేళ్ళుగా ఆ గోడకి ఇవతల కూర్చుని, అవతల కుర్చీలోంచి వచ్చే కేకలు విన్న చెవులాయెను ఆయనవి! మీసాలు మెలేసుకుంటూ వెళ్ళినవాళ్ళు “అమ్మా” అని అరవడం విన్నాడు. చూసినవాడికంటే విన్నవాడికే భయం ఎక్కువ. చచ్చినా ఆ కుర్చీ ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఎక్కకుండా ఉండాలంటే సంగతి ఇల్లాలికి తెలియకూడదు. తెలిసిందా, రెక్క పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టే దాకా నిద్రపోదు. పోనీ నొప్పి మాత్రలతో నెట్టుకొద్దామంటే, అవి దొరికేది బామ్మర్ది దగ్గర. బామ్మర్ది మందుల షాపులో పని చేస్తాడు, పైవాటాలో ఉంటాడు, రోజూ భోజనానికి కిందికొస్తాడు. పైకెళ్ళి అడుగుదామంటే మెట్ల మీద కాలు పెట్టగానే ఎందుకని ఆరా తీస్తుంది; కిందైతే అక్కగారి ముందే అడగాలి. ఆవిడవి పాము చెవులు. మామూలుగా మాట్లాడితే ఒకవేళ వదిలేస్తుందేమోగానీ, గుసగుసలాడితే అక్షరం పోనివ్వదు.

అలా పుట్టింది పథకం.

“ఏమోయ్, నేనూ మీ తమ్ముడూ ఎస్పెరాంతో నేర్చుకుంటున్నాం” అన్నాడు పళ్ళాయన ఒక సాయంత్రం.

కుట్టుమెషీను ఆగింది. ఇల్లాలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. “అదేం జబ్బండీ?”

“జబ్బు కాదు, భాష! ప్రపంచంలో అందరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవాలని ఒక కళ్ళ డాక్టరు తయారుచేశాడు.”

“కళ్ళ డాక్టరు చేసింది పళ్ళాయనకెందుకు?”

“మహా సులువే బాబూ! ఒక్కసారి నియమం చెప్పారంటే ఇక మారదు.”

“పొద్దున చెప్పిన మాట మీద సాయంత్రం నిలబడని మనిషి, మీకెలా వస్తుందండీ? ఇంతకీ ఎవరిదా భాష?”

“ఎవరిదీ కాదు. అందరిదీ.”

“మన మెట్లలాగన్నమాట. అందరివీ కనక ఎవరూ ఊడవరు. నేర్చుకుంటే ఏమిటి లాభం?”

“ప్రపంచంలో ఏ మూలకెళ్ళినా ఒక స్నేహితుడు దొరుకుతాడు!”

“పక్కింటాయనతో మాట్లాడి మీకు ఆర్నెల్లయింది. ఆయనదీ మన భాషేగా?”

పళ్ళాయన నోరు తెరవబోయాడు. పన్ను పొడిచింది, మూసేశాడు.

పాఠాలు ఫోనులో వచ్చేవి. పద్ధతి ఒక్కటే: మాట వినాలి, గట్టిగా మూడుసార్లు అనాలి. బావా బామ్మర్దులు ముందు గదిలో కూర్చుని బడిపిల్లల్లా అరిచేవారు. పక్కనే ఇల్లాలి మెషీను టకటకలాడేది. ఆ మోతలో ఆవిడకేం వినపడుతుందిలే అని పళ్ళాయన ధీమా. ఏదైనా మాట నోరు తిరగక తడబడితే మాత్రం మెషీను ఎందుకో ఆగేది, మాట సరిగ్గా పడ్డాక మళ్ళీ కదిలేది. దారం తెగుతోంది కాబోలు, మంచి దారం కొనిపెట్టాలి అనుకున్నాడు పాపం.

‘మర్యాదలు’ అనే పాఠం వచ్చినప్పుడు దాన్ని దాటించేశాడు.

“అదెందుకు బావా వదిలేశావు?” అన్నాడు బామ్మర్ది.

“మాత్రలు అడగడానికి మర్యాదలెందుకురా?”

మొదటిసారి భోజనాల దగ్గర ప్రయోగించారు. పళ్ళాయన గొంతు సవరించుకుని “మియా దెంతో దోలోరాస్” అన్నాడు. నా పన్ను నొప్పిగా ఉంది అని అర్థం. బామ్మర్ది బల్ల కింద నుంచి మాత్ర అందించాడు.

“ఏమంటున్నారు?” అంది ఇల్లాలు.

“వాతావరణం బావుందంటున్నాను.”

“అవునవును, కుడివైపు మబ్బు పట్టినట్టుంది” అంటూ ఆవిడ గంటెతో వడ్డించింది.

“నే దిరు అల్ మియా ఎద్జీనో” అన్నాడు మళ్ళీ పళ్ళాయన. మా ఆవిడకి చెప్పకు అని. చెప్పనని బామ్మర్ది తలాడించాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇద్దరూ తృప్తిగా నీళ్ళు తాగారు.

అదేం అదృష్టమో, మర్నాటి నుంచి ఇంట్లో వంటలన్నీ మెత్తగా మారిపోయాయి. కూరలు నోట్లో పెడితే కరిగిపోతున్నాయి. నీళ్ళు గోరువెచ్చగా ఉంటున్నాయి. అడక్కుండానే పడక పక్కన లవంగ నూనె సీసా వచ్చి కూర్చుంది. “దోమలకి పెట్టాను” అంది ఇల్లాలు. దేవుడున్నాడు అనుకుని పళ్ళాయన ఆ నూనె పంటికి రాసుకున్నాడు.

గెలుపు తలకెక్కితే నోరు ఊరుకోదు. “మియా ఎద్జీనో ఎస్తాస్ గెనెరాలో!” అన్నాడొక పూట, ఆవిడ ఎదురుగానే. మా ఆవిడ సేనాధిపతి అని. ఇన్నేళ్ళ కాపురంలో ఇల్లాలిని ముఖం మీద ఒక మాట అని, తిరిగి మాట పడకపోవడం అదే మొదలు. బామ్మర్ది పొలమారి చచ్చినంత పని చేశాడు. ఇల్లాలు వాడి నెత్తిన తట్టి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

పన్నుకి మాత్రం ఈ విజయాలేవీ పట్టలేదు. కుడి బుగ్గ పూరీలా పొంగింది. పళ్ళాయన తలచుట్టూ మఫ్లరు కట్టుకున్నాడు.

“ఏమిటా వేషం?”

“చలి.”

“ఫ్యాను కింద కూర్చున్నారుగా!”

“అందుకే చలి.”

ఇల్లాలు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి సూది దించేసింది. “సర్లెండి. మీకో మంచి వార్త. మీ భాష మాట్లాడే మనిషి ఒకరు ఊళ్ళో దొరికారు. సాయంత్రం రమ్మన్నారు. నేను తీసుకెళ్తాను, తయారుగా ఉండండి.”

పళ్ళాయన పంటి నొప్పి కూడా మరిచాడు. బామ్మర్దితో తప్ప ఇంకో మనిషితో ఆ భాష మాట్లాడిందే లేదు మరి! దారి పొడుగునా వాక్యాలు వల్లిస్తూ, మఫ్లరు కళ్ళ మీదికి జారుతున్నా పట్టించుకోకుండా, ఇల్లాలి వెనకాలే నడిచాడు. అద్దాల తలుపు, మెత్తటి సోఫా, చేపల తొట్టి. ఎంత నాగరికమైన ఇల్లు! ఎక్కడో లవంగ నూనె వాసన తగిలింది. తన నోట్లోంచే అనుకున్నాడు.

రోజూ వెనక సందులోంచి వచ్చి వెనక సందులోంచే పోయే మనిషి. తను పనిచేసే ఆసుపత్రి ముందు గది ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

“బోనాన్ వెస్పేరోన్!” అని పిలుపొచ్చింది లోపలి నుంచి. శుభ సాయంత్రం! పళ్ళాయన ఆనందంగా అదే మాట తిరిగి అంటూ తలుపు తోసుకుని లోపలికి దూకాడు.

ఎదురుగా కుర్చీ. కుర్చీ పక్కన, మూతికి గుడ్డ కట్టుకుని డాక్టరమ్మ. వెనక తలుపు గడియ పడిన చప్పుడు.

“మల్‌ఫెర్ము లా బూషోన్” అంది ఒక గొంతు. నోరు తెరవండి అని. ఆ గొంతు ఇల్లాలిది!

చెప్పక్కర్లేకుండానే పళ్ళాయన నోరు వెళ్ళబెట్టాడు. డాక్టరమ్మ ఆ అవకాశం వదులుకోలేదు.

“ఇంకొన్నాళ్ళు ఇలాగే మాత్రలు మింగి ఉంటే చీము దవడ ఎముకలోకి పోయేదయ్యా” అందావిడ అద్దం పెట్టి చూసి. “మీ ఆవిడ వచ్చి చెప్పకపోతే నాకూ తెలిసేది కాదు. ఇందాకటి ఆ పిలుపు కూడా ఆవిడ నేర్పిందే. రోజూ ఆ గోడ వెనకే ఉంటావు, ఒక్క మాట అనవు!”

సూది గుచ్చారు. పళ్ళాయన కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతిలోకి ఇంకో చెయ్యి వచ్చి దూరింది. ఏళ్ళ తరబడి కత్తెర పట్టి కాయలు కాసిన చెయ్యి. దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తను భయపడినంత కేక ఏదీ తన గొంతులోంచి రాలేదు. పన్ను ఎప్పుడు పళ్ళెంలో పడిందో కూడా తెలియలేదు.

ఇంటికి తిరిగొస్తుంటే మొద్దుబారిన మూతితో అడిగాడు. “నీకెప్పుడు వచ్చిందే ఆ భాష?”

“మీరు మూడుసార్లు అరిచింది నేను ఒక్కసారి విన్నాను.”

“అయితే ఆ... సేనాధిపతి...”

“విన్నానండీ. ఉద్యోగం బానే ఉంది. సైన్యమే బొత్తిగా పిరికిది.”

పళ్ళాయన తల దించుకున్నాడు. మెత్తటి కూరలు గుర్తొచ్చాయి. గోరువెచ్చటి నీళ్ళు గుర్తొచ్చాయి. దోమల లవంగ నూనె గుర్తొచ్చింది. అన్నీ తెలిసి, తన బింకం పోకుండా అన్నాళ్ళు కాచింది. ఈవిడ లేకపోతే నేనేమైపోదును అనుకున్నాడు. అది పైకి చెప్పాలనిపించింది, కానీ ఏ మాటతో? కట్టుకున్నదానికి ‘ధన్యవాదాలు’ అంటే సభలో దండ వేసినట్టుంటుంది. ‘థాంక్స్’ అంటే కొట్టువాడికి చెప్పినట్టుంటుంది. ఇన్నేళ్ళూ అందుకే ఏదీ అనకుండా గడిపేశాడు.

“ఏమోయ్, ఆ భాషలో... మేలు చేసినవాళ్ళకి చెప్పే మాట ఏదో ఉండాలే?”

“ఉంది. మర్యాదల పాఠంలో. మీరు దాటించేశారు. మీరు పనికెళ్ళాక పాత ఫోనులో నేను విన్నాను.” ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. “దాన్‌కోన్.”

పళ్ళాయన అనబోయాడు. మూతి సహకరించలేదు. “రేపు చెప్తాలే” అన్నాడు.

మర్నాడు వాపు తగ్గింది. బామ్మర్ది మెట్లు దిగి, అక్క ముఖం చూసి సగం మెట్ల మీదే ఆగిపోయాడు. “ఒరేయ్, రా! ఇక బల్ల కింద ఏమీ ఇవ్వక్కర్లేదు” అని పిలిచిందావిడ.

“ఇంతకీ బావా, మనం ఆ భాష నేర్చుకోవడం దండగేనంటావా?” అన్నాడు వాడు దిగులుగా.

“ఒక్క మాట కోసమైనా నేర్చుకోవాల్సిందేరా” అని పళ్ళాయన కుర్చీ లాక్కుని మెషీను పక్కన కూర్చున్నాడు.

“దాన్... దాన్హో...”

మెషీను ఆగింది. ఇల్లాలు తలెత్తలేదు. గుడ్డ మీద చెయ్యి పెట్టి, ఎదురుచూసింది.

“దాన్‌కోన్. దాన్‌కోన్. దాన్‌కోన్!”

“ఒక్కసారి చాలు, వినపడింది” అందావిడ. అంది గానీ, మెషీను మళ్ళీ కదలడానికి చాలాసేపు పట్టింది.