వేడికి లొంగిన గడియ

ఆ రోజు పొద్దున్న అతుకులమ్మ అనుకున్న కార్యక్రమం చాలా చిన్నది. అందరికంటే ముందు స్నానం చెయ్యాలి, ఇస్త్రీ బట్టలు వేసుకోవాలి, పెందలాడే ప్రయోగశాలకి చేరాలి, అక్కడికి వచ్చే ఎముకల డాక్టరమ్మ ముందు తడబడకుండా మాట్లాడాలి. ఇందులో మొదటిదే కుదరలేదు. ఆమె ఇంకా పళ్ళు తోముకుంటుండగానే అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూంలోకి వెళ్ళిపోయారు. ఆవిడ చాలా ఏళ్ళు బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. లోపలికి వెళ్ళి గడియ పెట్టారంటే బయటివాళ్ళు వరసలో నిలబడాల్సిందే.

అతుకులమ్మ అనేది ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఆమె పాలిమర్ల మీద పరిశోధన చేస్తుంది. వేడి తగిలితే మెత్తబడి, చల్లారితే మళ్ళీ గట్టిపడే తెల్లటి ప్లాస్టిక్ రేకు ఒకటి తయారుచెయ్యాలని నాలుగేళ్ళుగా తంటాలు పడుతోంది. చెయ్యి విరిగిన పిల్లలకి బండెడు బరువున్న పిండికట్టు బదులు ఈ రేకుని వేడినీళ్ళలో ముంచి చేతికి చుడితే చాలు, ఆ చేతి ఆకారానికే బిగుసుకుంటుంది. వాపు తగ్గి వదులైతే మళ్ళీ వేడినీళ్ళు పోసి సర్దుకోవచ్చు. ప్రయోగాల్లో మిగిలిన ముక్కల్ని పారెయ్యడానికి ఆమెకి మనసొప్పేది కాదు. ఇంటికి తెచ్చి, సలసల కాగే నీళ్ళలో మెత్తబరచి, ఇంట్లో విరిగినదానికల్లా అతుకు వేసేది. స్నానాల మగ్గు పిడి, బాత్రూం గడియ, భర్త కళ్ళజోడు కాడ, ముందుగది అలమారలో తాళంచెవుల కొక్కెం, అన్నీ ఆమె చేతి చలవే. ఇక తనొక్కడికే అతుకు పడలేదని భర్త వేళాకోళం చేసేవాడు. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే.

అంతా బాగానే ఉంది గాని, ఒక్కచోట పేచీ వచ్చింది. ఆ రేకు అరవై డిగ్రీల దగ్గర గాని మెత్తబడదు. క్రితంసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ ఆ నీళ్ళలో మోచెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకుంది. దీన్ని పసివాడి చేతికి ఎలా చుట్టమంటారని అడిగి, స్నానం నీళ్ళంత వేడికి మెత్తబడితేనే ఆసుపత్రికి పట్టుకురమ్మని చెప్పి వెళ్ళింది. అప్పట్నుంచీ అతుకులమ్మ ఎన్ని మిశ్రమాలు మార్చినా ఒక్కటీ దిగిరాలేదు. ఇవాళ కూడా కుదరకపోతే ఈ పని మూసేసి, ఆమెని నీళ్ళ పైపులు చేసే విభాగంలో వేస్తామని ప్రయోగశాల పెద్దాయన తేల్చి చెప్పేశారు. పైపుల మీద ఆమెకి కోపమేమీ లేదు. కాని ఆ పిల్లల చేతులు తలుచుకుంటే ఏడుపు వచ్చేది.

ఈ పెద్దాయన గురించి ఒక్కమాట చెప్పాలి. ఆయనకి తేమ అంటే గిట్టదు. ముక్క తయారవగానే గాలి కూడా సోకని గాజుపెట్టెలో పెట్టించి, దాని తాళం తన జేబులో వేసుకుంటారు. తడిచేత్తో నమూనా ముట్టుకున్నవాళ్ళతో ఆ రోజంతా మాట్లాడరు. ప్రయోగశాలలో ఆ పెట్టె దాటి బయటి గాలి పీల్చిన ముక్కంటూ లేదు, అతుకులమ్మ సంచీలో ఇల్లు చేరినవి తప్ప.

బాత్రూంలోంచి ముందు మగ్గు పడ్డ చప్పుడు, వెంటనే బకెట్టు దొర్లిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

"అత్తయ్యగారూ, ఏమైంది?"

"నాకేం కాలేదు. మీ మగ్గుకి అయింది," అన్నారు లోపల్నించి. "వేడినీళ్ళు తీసేసరికి పిడి అరటితొక్కలా వాలిపోయింది. పడబోయి గడియ పట్టుకున్నాను. అదీ వంగింది. ఆవిరికి ఊపిరాడక కిటికీ తెరిచాను. ఇప్పుడు చూస్తే గడియ వంకరగా బిగుసుకుపోయి కదలనంటోంది."

అతుకులమ్మ తలుపు తోసింది. వంగిన గడియ ద్వారబంధాన్ని గట్టిగా కరుచుకుని ఉంది. భర్త పరిగెత్తుకొచ్చాడు. ఆయన అప్పటిదాకా టీ కోసం మరుగుతున్న నీళ్ళమీదికి వంగి నిలబడ్డాడేమో, కళ్ళజోడు కుడికాడ చెవి మీంచి జారి బుగ్గమీద వేలాడుతోంది. ఒక అద్దంలోంచి తలుపూ, ఇంకో అద్దంలోంచి నేలా చూస్తూ భుజంతో రెండుసార్లు తలుపుని కుమ్మాడు. తలుపుకి ఏమీ కాలేదు. తలుపు విరగ్గొడితే కొత్త తలుపు ఎవరు కొంటారని లోపల్నించి అత్తగారు నిలదీశారు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ప్రయోగశాల పెద్దాయన. డాక్టరమ్మకి మధ్యాహ్నం ఆపరేషన్ ఉందట, అందుకని ముందే వచ్చేసింది, అతుకులమ్మని వెంటనే బయల్దేరమనండి అన్నారు. ఫోన్ తీసింది భర్త. అసలు చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

ఆయన రేడియోలో వార్తలు చదువుతాడు. ఉద్యోగం అలవాటు వల్ల ఫోన్ చెవికి పెట్టుకోగానే గొంతు దానంతటదే బరువెక్కిపోతుంది. ఇంట్లో ఉప్పు నిండుకుందని ఆయన చెప్పినా విన్నవాళ్ళు లేచి నిలబడతారు.

"మా అమ్మగారు బాత్రూంలో చిక్కుకుపోయారు," అన్నాడాయన. "వేడినీళ్ళు ఒలికి కాలు జారినట్టు తెలిసింది. తలుపు తెరుచుకోవడం లేదు. ప్రయత్నాలు కొనసాగుతున్నాయి."

అవతల పెద్దాయన కంగారుపడి ఆ మాట డాక్టరమ్మకి చెప్పారు. వెంటనే, మేం వస్తున్నామని చెప్పి ఫోన్ పెట్టేశారు. పెద్ద వయసు మనిషి బాత్రూంలో జారిపడ్డారని వింటే ఎముకల డాక్టరు దేన్ని ఊహించుకుంటుందో దాన్నే డాక్టరమ్మా ఊహించుకుంది. తుంటి ఎముకే అయ్యుంటుందని ఆంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

ఈలోగా ఎదురింటాయన నిచ్చెన పట్టుకుని దిగాడు. ఆయనకి ఎవరింట్లో ఏ ఇబ్బంది వచ్చినా నిచ్చెనే మందు. బాత్రూం కిటికీకి నిచ్చెన వేసి, పూలకుండీలు మూడు పగలగొట్టి, పైకెక్కి లోపలికి తొంగిచూడబోయాడు. అత్తగారు హెడ్మిస్ట్రెస్ గొంతుతో, కళ్ళు మూసుకుని దిగమన్నారు. పాపం, ఆయన నిజంగానే కళ్ళు మూసుకుని దిగాడు, నాలుగో కుండీ అలా పోయింది.

ఆంబులెన్స్ సైరన్‌కి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. అందులోంచి దూకినవాళ్ళకి ఎదురుగా కనపడ్డ మనిషి అతుకులమ్మ భర్త. తలుపుని కుమ్మీ కుమ్మీ చెమటతో నిలువెల్లా తడిసి ఉన్నాడు, కళ్ళజోడు ముఖానికి అడ్డంగా వేలాడుతోంది. వాళ్ళు ఇంకేం ఆలోచించకుండా ఆయన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి పట్టీలు బిగించారు. రోగిని తాను కానని ఆయన వార్తల గొంతుతో ఎంత గంభీరంగా చెబితే, తలకి దెబ్బ తగిలిందని వాళ్ళకి అంత నమ్మకం కుదిరింది.

వెనకే కారులో దిగిన డాక్టరమ్మ, పెద్దాయన ఆయన్ని దాటుకుని లోపలికి పరిగెత్తారు. అతుకులమ్మ తలుపు దగ్గర నేలమీద కూర్చుని ఉంది. డాక్టరమ్మని చూడగానే ఆమెకి ప్రాణం పోయినంత పనైంది. నాలుగేళ్ళ పని చూపించాల్సిన రోజున, అదే ప్లాస్టిక్‌తో సొంత అత్తగారిని బాత్రూంలో బంధించిన మనిషిలా దొరికిపోయింది. పైపులు ఆమె కళ్ళముందు కదిలాయి.

కాని మనసులో ఒక మూల ఇంకో ఆలోచన గుచ్చుకుంటోంది. గడియ వంగిందంటే మెత్తబడిందన్నమాట. మెత్తబడిందంటే మళ్ళీ మెత్తబడుతుంది. కాకపోతే అరవై డిగ్రీల నీళ్ళు లోపల ఎక్కడివి?

"అత్తయ్యగారూ," అంది, "కుళాయిలో వేడినీళ్ళు వస్తున్నాయా?"

"స్నానానికి సరిపడా వస్తున్నాయి."

"గడియ మీద పోస్తూ ఉండండి. చెయ్యి కాలితే వద్దు."

"చెయ్యి కాలే నీళ్ళతో నేనెప్పుడు స్నానం చేశాను?" అన్నారు అత్తగారు.

నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. స్నానం నీళ్ళకి లొంగదని, అది తను కళ్ళారా చూసిన పదార్థమని డాక్టరమ్మకి చెబుతుండగానే లోపల గడియ జరిగింది. తలుపు తెరుచుకుంది. అత్తగారు బట్టలు మార్చుకుని, తల దువ్వుకుని, తనిఖీకి వచ్చినవాళ్ళని చూసినట్టు అందరినీ చూస్తూ బయటికి వచ్చారు.

డాక్టరమ్మ ఆవిడ తుంటి వైపు చూడనేలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి కుళాయి కింద మోచెయ్యి పెట్టింది. ఈసారి వెంటనే తియ్యలేదు.

"ఇంత నీళ్ళకే మెత్తబడిందా?" అంది.

"మీ ఎదురుగానే కదమ్మా," అన్నారు అత్తగారు.

అతుకులమ్మ అప్పటికే ముందుగదిలోకి పరిగెత్తింది. అలమారలోంచి తాళంచెవుల కొక్కెం పీక్కొచ్చి అదే కుళాయి కింద పెట్టింది. ఎంత సేపు పట్టుకున్నా అది ఇసుమంత కూడా వంగలేదు. కొక్కెం, గడియ ఒకే రేకులోంచి కోసిన ముక్కలు. మగ్గు పిడి రోజూ నీళ్ళలో నానింది, గడియ రోజూ ఆవిరి తాగింది, కళ్ళజోడు కాడ రోజూ చెమటలో తడిసింది. కొక్కెం ఒక్కటే పొడిగా అలమారలో కూర్చుంది. ఆమె బాత్రూం తలుపుకున్న గడియని ఊడబీకింది. పెద్దాయన వైపు తిరిగి గడియా కొక్కెం రెండూ ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"తేమ," అన్నారు. "తేమే కావాలన్నమాట దీనికి. నేను నాలుగేళ్ళుగా తాళం వేసి దాన్నే లోపలికి రానివ్వడం లేదు."

"గట్టిగా నానబెట్టడం రేపట్నుంచే మొదలుపెడదాం సార్," అంది అతుకులమ్మ. "ఎంత నానితే మెత్తబడే వేడి ఎంత దిగుతుందో కొలుద్దాం. ఆరకుండా నిలిచేలా చూద్దాం." ఏడుస్తూ, నవ్వుతూ అంది.

అప్పుడు గమనించింది డాక్టరమ్మ, అత్తగారు కుడిచేతిని వెనక్కి దాచుకుని నిలబడ్డారని. చెయ్యి చూపించమంటే ముందు ఒప్పుకోలేదు. చూస్తే గడియ పట్టుకున్న బొటనవేలు బెణికి, ఉబ్బిపోయి ఉంది. డాక్టరమ్మ పెద్దాయన చేతిలోంచి గడియ ముక్క తీసుకుంది. కుళాయి కింద పట్టి, మెత్తబడగానే అత్తగారి బొటనవేలి చుట్టూ వేసి, మణికట్టు దాకా వేళ్ళతో అద్ది, చల్లారేదాకా పట్టుకుంది. అచ్చు ఆ వేలికే పోతపోసినట్టు బిగిసింది. నొప్పిగా ఉందా అని అడిగితే, వెచ్చగా హాయిగా ఉందన్నారు.

"ఈ నెల నుంచి మా పిల్లల వార్డులో మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ. "ముందు మీ పెద్దాయన్ని ఆ పెట్టె తాళం పారెయ్యమనండి."

వాకిట్లో స్ట్రెచర్ మీంచి, తల్లి క్షేమంగా ఉన్నారా అని గంభీరమైన గొంతు అడిగింది. ఎవరో వెళ్ళి పట్టీలు విప్పారు. ఎదురింటాయన నిచ్చెన మడిచి, ఇంకెక్కడైనా పనుందేమో చూసి వెళ్ళిపోయాడు.

అత్తగారు నెల తిరిగేదాకా ఆ కట్టు విప్పనివ్వలేదు. వచ్చినవాళ్ళందరికీ బొటనవేలు చూపించి, ఇది మా కోడలు చేసిందని చెప్పేవారు. ఆవిడ నోట ఆ మాట విన్న ప్రతిసారీ అతుకులమ్మకి నాలుగేళ్ళ అలసటా తీరిపోయేది. గడియ వేలికి పోయింది కాబట్టి ఆ నెలంతా ఆ ఇంట్లో ఎవరు స్నానానికి వెళ్ళినా గొంతెత్తి పాట పాడుతూనే ఉన్నారు; అతుకులమ్మ భర్త మాత్రం వార్తలు చదివేవాడు.