తోక తెగిన లబ్ధిదారు

ఆకలిని రద్దు చేస్తున్నట్టు మంత్రిగారు ప్రకటించిన రోజు నేను ఆయన పక్కనే ఉన్నాను. మైకు పట్టుకున్నది నేనే.

"ఇంతకుముందు వాళ్లంతా ఆకలిని తగ్గిస్తామన్నారు. మనం మొత్తానికే ఎత్తేస్తున్నాం! ఒక్క ఇంజక్షన్. ఆకలి ఉండదు, జనాభా అదుపులో ఉంటుంది. రెండు ఫైళ్లు, ఒకటే సూది!" అన్నారాయన.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అంత గొప్ప ప్రకటన చేసి కూడా ఆయన ఏమాత్రం గర్వపడకుండా సరాసరి భోజనానికి వెళ్లారు.

ఆ సూది తయారు కావలసింది మా పరిశోధన సంస్థలో. నేనక్కడ ప్రచార విభాగంలో పనిచేస్తాను. విభాగమంటే నేనూ, ఆ మైకూ. ఆకలినీ సంతానాన్నీ నడిపించే హార్మోన్ల మీద మా డాక్టరమ్మ జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ పరిశోధన చేస్తున్నారు. ఆమె ల్యాబ్‌కు నిధులు ఆ నెలాఖరుతో సరి. మంత్రిగారు సంతకం పెట్టకపోతే ల్యాబ్‌కు తాళం పడుతుంది, ఆమె తరాల తరబడి సాకుతున్న తెల్ల ఎలుకలకు మంగళం పాడేస్తారు. "పెద్దవాళ్లు ఎవరైనా వచ్చి ఒక్కసారి వీటిని చూస్తే చాలు, వాళ్లకే అర్థమైపోతుంది" అనేవారు ఆమె. పెద్దవాళ్ల మీద ఆమెకున్న నమ్మకానికి నాకు జాలేసేది.

ముందుగా మంత్రిగారే ఆమెను ఆఫీసుకు పిలిపించుకున్నారు. వెంట నేనూ, మా సంస్థ కార్యదర్శిగారూ వెళ్లాం.

"నాకర్థమయ్యేలా చెప్పండమ్మా."

"చాలా సింపుల్ సార్. కడుపు నిండి, ఒంట్లో కాస్త కొవ్వు చేరితే, ఆ కొవ్వు మెదడుకు ఒక కబురు పంపుతుంది. ఆ కబురే హార్మోన్. అది అందితే మెదడు 'తిండి చాలు' అంటుంది, 'ఇక పిల్లల్ని కనొచ్చు' అని కూడా అంటుంది. తిండి లేకపోతే కబురు లేదు, కాన్పూ లేదు. మళ్లీ తిండి పెడితే అన్నీ మామూలే."

మంత్రిగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన ఆలోచించగా చూడటం నాకదే మొదలు.

"అయితే కబురొక్కటే పంపొచ్చుగా? మధ్యలో తిండెందుకు?"

"అది మెదడును మోసం చేయడం సార్. నాలుగు రోజులు నమ్ముతుంది. తర్వాత మనిషి కూలబడిపోతాడు."

"మోసమనకండి, ప్రచారమనండి. మేం ఇన్నేళ్లూ కబురు మీదే నడిపిస్తున్నాం. మా సభల్లో ఎవరైనా కూలబడ్డారా?"

"కూలబడ్డవాళ్లు సభలకు రాలేరు కదండీ," అన్నారు డాక్టరమ్మ.

మా కార్యదర్శిగారు గట్టిగా దగ్గారు.

"ఇంకోమాట," అన్నారు మంత్రిగారు. "జనాభా అన్నిచోట్లా తగ్గక్కర్లేదు. పక్క నియోజకవర్గంలో తగ్గాలి, నా దాంట్లో పెరగాలి. ఆ ఏర్పాటు కూడా సూదిలోనే పెట్టేయండి."

"ఆ కబురందితే పిల్లలు పెరుగుతారే గానీ తగ్గరు సార్. అయినా సూదికి సరిహద్దులు తెలియవు."

"తెలియకపోతే కమిటీ వేద్దాం," అని ఆయన లేచారు. వచ్చే వారం ల్యాబ్ చూడటానికి వస్తానన్నారు.

మంత్రిగారొస్తున్నారంటే ఎక్కడైనా జరిగే ఏర్పాట్లే మాకూ జరిగాయి. పూలకుండీలు పక్క ఆఫీసు నుంచి వచ్చాయి, సోఫాలు ఎదురు బ్యాంకు నుంచి. తివాచీ ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మా కార్యదర్శిగారికి అరువు తేవడంలో ఉన్న నేర్పు పదిమందికి పాఠంగా చెప్పదగ్గది. ఎక్కడిదని ఆరా తీయకపోవడంలోనే ఆ నేర్పంతా ఉంది.

అన్నీ సర్దాక ఆయన బోనుల వైపు చూసి అదిరిపడ్డారు.

"ఇవేంటమ్మా, ఇలా బక్కచిక్కిపోయాయి?"

"వీటికి తిండి తగ్గించామండీ. తగ్గిస్తే ఏమవుతుందో చూడటమే పరిశోధన."

"మంత్రిగారి ఎదుట ఏ ప్రాణీ ఆకలితో ఉండకూడదు. అది ప్రోటోకాల్. వీటిని తీసేసి లావుపాటివి పెట్టండి."

"నా దగ్గర లావుపాటివి లేవే!"

"మీ దగ్గర లేకపోతే ఇంకెక్కడా ఉండవా?" అని ఆయన తన డ్రైవర్‌ను పిలిచారు. మా గేటు ఎదురుగానే రేషన్ గోడౌన్ ఉంది. డ్రైవర్ అరగంటలో బోను నింపుకొచ్చాడు.

మంత్రిగారు వచ్చారు, బోను ముందు నిలబడ్డారు.

"తెల్ల ఎలుకలన్నారు. ఇవి నల్లగా ఉన్నాయేంటి?"

"మందు బాగా పట్టింది సార్," అన్నారు కార్యదర్శిగారు.

మంత్రిగారు తమ స్వహస్తాలతో గుప్పెడు గింజలు బోనులో వేశారు. పొట్ట పగిలేలా మెక్కి వచ్చిన ఎలుకలు వాటికేసి కన్నెత్తి చూడలేదు.

"ఒక్క గింజ ముట్టడం లేదు! అయినా ఎంత పుష్టిగా ఉన్నాయి! అదిగో, మూలన పిల్లలు కూడానూ. ఇది నా నియోజకవర్గం బోను అన్నమాట!"

డాక్టరమ్మ నోరు తెరిచారు. కార్యదర్శిగారు నిధుల ఫైలును ఆమె కంటికి ఆనేటట్టుగా పట్టుకున్నారు. ఆమె తన తెల్ల ఎలుకలను పెట్టిన వెనక గది వైపు ఒకసారి చూసి, నోరు మూసుకున్నారు. ల్యాబ్‌కు ఆరు నెలల గడువు దొరికింది. నాకు సిగ్గేసింది, కానీ ప్రెస్ నోట్ రాసేసరికి సర్దుకుంది.

ఆ వారమే రేషన్ గోడౌన్‌కు తాళం వేశారు. ఆకలే లేనప్పుడు ధాన్యమెందుకు? బస్తాలన్నీ లారీల్లో భద్రమైన చోటికి తరలించామని ప్రకటన వచ్చింది. సూది మాత్రం ఇంకా రాలేదు. వస్తోందన్న కబురు ఇంటింటికీ అందింది.

"మీ మంత్రిగారు ఆకలి ఎత్తేశారటగా? మరి నాకెందుకు వేస్తోంది?" అని అడిగింది మా ఆవిడ.

"నువ్వు పేపర్ సరిగ్గా చదవవు," అన్నాను.

గడువు ముగిసే రోజుల్లో ల్యాబ్‌లోనే పథకం విజయోత్సవం పెట్టారు. ఈసారి రిబ్బన్ కత్తిరించడానికి మంత్రిగారి సతీమణి వస్తున్నారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచారు.

"ఈసారి చెప్పేస్తాను తమ్ముడూ. నా తెల్లవాటికి మళ్లీ తిండి పెట్టాను, పిల్లల్ని పెట్టాయి. ఆ బోను కూడా ముందు హాల్లోనే పెడతాను. ల్యాబ్ పోతే పోయింది."

"ఎలుకలు కూడా పోతాయి మేడమ్."

"తెలుసు," అన్నారామె.

కార్యదర్శిగారికి ఆమె బోనుతో పని లేదు. కిందటిసారి మంత్రిగారు మెచ్చింది నల్లవాటిని కాబట్టి ఇప్పుడూ నల్లవే కావాలి. గోడౌన్‌లో చూస్తే గింజా లేదు, ఎలుకా లేదు. డ్రైవర్ మాత్రం "నేను తెస్తానుగా సార్, అవిప్పుడు ఎక్కడుంటున్నాయో నాకు తెలుసు" అన్నాడు. ఎక్కడని కార్యదర్శిగారు అలవాటు ప్రకారం అడగలేదు. వచ్చిన ఎలుకలు పాతవాటికి రెండింతలున్నాయి.

రిబ్బన్ తెగింది, కెమెరాలు మెరిశాయి. మంత్రిగారు బోనును చూపించి, "గోడౌన్ మూసి ఆరు నెలలైంది. అయినా ఎలా నిగనిగలాడుతున్నాయో చూడండి!" అన్నారు.

ఆయన సతీమణి వంగి చూసి, ముఖం చిట్లించారు.

"ఏవండీ, ఈ తోక తెగిన ఎలుక మన ఇంట్లోది కదూ?"

"ఏ ఇంట్లోది?"

"మన ఇంట్లోదేనండీ! వెనక షెడ్డులో బస్తాల మీద రోజూ తిరిగేది ఇదే. మన పిల్లి దీని తోక కొరికింది. ఆ లారీలు దిగిన దగ్గర్నుంచీ ఈ ఎలుకల బాధ పడలేక చస్తున్నానని మీకెన్నిసార్లు చెప్పాను?"

కెమెరాలు మెరవడం ఆగింది. నా చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది.

"అక్కడ ఇవి కడుపునిండా తింటున్నాయా అమ్మా?" అని అడిగారు డాక్టరమ్మ.

"తినడమా! తిని, నెలనెలా పిల్లల్ని పెడుతున్నాయి."

"నా పరిశోధన నిజమని తేలింది సార్," అన్నారు డాక్టరమ్మ, తన తెల్ల ఎలుకల బోను మీద చెయ్యివేసి.

మంత్రిగారు చెమట తుడుచుకున్నారు. "అమ్మా, మీ ల్యాబ్‌కు ఎంత కావాలో చెప్పండి. శాశ్వతంగా రాసిచ్చేస్తాను."

"ల్యాబ్‌కొద్దు సార్. గోడౌన్ తెరిపించండి."

"నిధులడగమంటే గోడౌన్ అడుగుతారేంటి?" అని ఆయన ఆశ్చర్యపోయి, అడక్కుండానే ల్యాబ్ ఫైలు మీద సంతకం పెట్టేశారు. తోక తెగినదాన్ని మాత్రం తన కారులోనే, ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెనక్కి తీసుకెళ్లారు. మూగజీవాల పట్ల ఆయనకున్న దయ అలాంటిది.

మర్నాడు పేపర్లో ఫోటోతో సహా వచ్చింది: "ఆకలి రద్దు పథకం తొలి లబ్ధిదారుకు మంత్రిగారి ఇంట ఆశ్రయం." రాసింది నేనే.

మా ఆవిడ ఈసారి పేపర్ సరిగ్గానే చదివింది. తర్వాత లేచి, ఖాళీ బియ్యం డబ్బా కడిగి బోర్లిస్తూ అంది:

"ఆ ఎలుకది ఏ రకం రేషన్ కార్డో కనుక్కోండి. మనమూ మార్పించుకుందాం."