నలభై రెండు కార్లు, ఒకే గ్రూపు

"ఈ క్షణం నుంచి పాత కార్లన్నీ సమానం!" అని క్రీడల మంత్రిగారు ప్రకటించారు.

మైకు ఒకసారి కీచుమంది. విలేకరులు గబగబా రాసుకున్నారు. ఏ కార్లు, దేనితో సమానం, ఇన్నాళ్ళూ ఎందుకు కాలేదు అని ఒక్కరూ అడగలేదు. మంచి ప్రకటన వినబడినప్పుడు వివరాలడగడం మర్యాద కాదని వాళ్ళకు తెలుసు.

నేనక్కడ ఉండటానికి కారణం ఆ మైకే. క్రీడల శాఖలో మైకులు, వైర్లు, కొత్తగా కొన్న కంప్యూటర్ స్టీరింగులు, పెడళ్ళు బాగుచేసే పని నాది. మహానుభావులను ఇంత దగ్గరగా చూసే అదృష్టం మా వృత్తికి దక్కినట్టు మరొకరికి దక్కదు. మేం ఎప్పుడూ బల్ల కిందే ఉంటాం కాబట్టి వాళ్ళు మా ముందు ఏమైనా మాట్లాడుకుంటారు.

విషయం తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇవి రోడ్డు మీద తిరిగే కార్లు కావు. మన తాతల కాలంలో పందేల్లో పరిగెత్తిన కార్లను బరువు, బ్రేకు, ఇంజను మోతతో సహా అచ్చంగా కంప్యూటర్లో తయారుచేశారు. ఎవరింట్లో వాళ్ళు స్టీరింగు ముందు కూర్చుని, ఆన్‌లైన్లో అందరూ ఒకే ట్రాకు మీద పందెం వేసుకుంటారు. చిక్కల్లా ఒక్కటే. ఒక కారు రెండు నిమిషాల పది సెకన్లలో రౌండు తిరిగొస్తుంది. దానికంటే ముప్పై ఏళ్ళు పెద్దదైన మరో కారుకు రెండు నిమిషాల నలభై పడుతుంది. రెంటినీ పక్కపక్కన నిలబెట్టి జెండా ఊపితే అది పందెం కాదు, వెక్కిరింపు. అందుకని వేగం కలిసిన కార్లను ఏరి గ్రూపులు చెయ్యాలి.

ఆ గ్రూపులు చేసింది మా చెల్లెలు. అదే శాఖలో డేటా ఎంట్రీ ఆపరేటర్. ఆరేళ్ళుగా తాత్కాలికం. ఏడాదికోసారి ఆమె ఉద్యోగం ఒక సాయంత్రం పోయి, మర్నాడు పొద్దున్న మళ్ళీ వస్తుంది. ఆ సాయంత్రం మాత్రం మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఈసారి ఈ పందేల పథకంలో 'టెక్నికల్ టెస్టర్' అని ఒక పర్మనెంటు పోస్టు పెట్టారు. "గ్రూపులు సరిగ్గా కుదిరితే ఆ పోస్టు నీదేనమ్మా," అని డైరెక్టరుగారు నోరారా అన్నారు. అంతే, పిల్ల భోజనం వేళంతా స్టీరింగు ముందే గడిపింది. ఒక్కో కారులో పది రౌండ్లు. అన్నిటికంటే మంచి రౌండు, అన్నిటికంటే చెడ్డ రౌండు తీసేసి, మిగిలినవాటి సగటు. నడిపే మనిషి ఒక్కరే, ట్రాకు ఒక్కటే. తేడా ఐదు సెకన్లలోపు ఉంటే ఒకే గ్రూపు. ఎనిమిది నెలలకు నలభై రెండు కార్లూ ఆరు గ్రూపులయ్యాయి. ఆమె నివేదిక పదకొండు పేజీలు. డైరెక్టరుగారు అట్ట చూసి మెచ్చుకున్నారు.

జాబితా గోడకి అంటించిన మర్నాడే ప్రజాస్వామ్యం మేలుకుంది. ముందుగా వచ్చినవారు సొరకాయ సంఘం అధ్యక్షులు. సొరకాయ అంటే పొడుగ్గా, సన్నగా ఉండే ఒక కారు. నడిపేవాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు.

"మా సొరకాయని మూడో గ్రూపులో వేశారు సార్. ఇది ఘోరం. ఆరులో పడెయ్యండి."

"మూడంటే పై గ్రూపు కదయ్యా, సంతోషించాలిగా?" అన్నారు డైరెక్టరుగారు.

"ఎక్కడ సార్! అంత చచ్చు కారు భూప్రపంచంలో లేదు. ఎత్తెక్కాలంటే ఏడుస్తుంది. బ్రేకు వేస్తే రేపు ఆగుతుంది."

"మరి దాన్నే ఎందుకు నడుపుతున్నారు?"

"ప్రేమ సార్," అన్నారు అధ్యక్షులు, కళ్ళు తుడుచుకుంటూ.

కింది గ్రూపులోకి దిగితే తమకంటే నెమ్మది కార్లను ఓడించవచ్చు. ఈ చిన్న సంగతి ఆయన చెప్పలేదు, డైరెక్టరుగారు అడగలేదు. ఆ వారమంతా వినతిపత్రాలే. ఒకాయన తన కారు ఇంజను నీరసంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చాడు. మరొకాయన శాసనసభ్యుడి ఉత్తరం పట్టుకొచ్చాడు. 'ఈ కారును నేను చిన్నతనము నుండి ఎరుగుదును. దీని నడవడిక మిక్కిలి నెమ్మదైనది' అని అందులో ఉంది. తమ బండి ఎంత పనికిమాలినదో చెప్పుకోవడానికి జనం ఇంత పోటీ పడటం నేనెన్నడూ చూడలేదు.

కింద పడాలని కోరుకోనివారు ఒక్కరే ఉన్నారు. వారు మంత్రిగారు.

మంత్రిగారు చిన్నప్పుడు క్షౌరశాల గోడ మీద ఒక క్యాలెండరులో గుండ్రటి ఎర్రకారు బొమ్మ చూశారట. అప్పటి నుంచి అదంటే ప్రాణం. ఎర్రగుమ్మడి అంటారు దాన్ని. చూడ్డానికి బంగారం. నడకలో నలభై రెండింటికీ ఆఖరు. మా చెల్లెలి జాబితాలో దానిది ఆరో గ్రూపు.

"నా కారు ఆరా?" అన్నారు మంత్రిగారు. వారి గదిలో స్విచ్చుబోర్డు దగ్గర నేను స్క్రూలు బిగిస్తున్నాను. మా చెల్లెలు ఫైలు పట్టుకుని నిలబడి ఉంది.

"అవును సార్. ఆరులో ఉంటే మీరు గెలవొచ్చు సార్. ఒకటిలో ఉంటే రౌండుకి ముప్పై సెకన్లు వెనకబడతారు."

"ఆరులో గెలిస్తే ఏం గెలుపమ్మా అది? ఒకటిలో ఉండాలి, గెలవాలి."

"రెండూ కుదరవు సార్."

ఆ మాట మంత్రిగారితో అన్నవాళ్ళు ఆ గదిలో అంతకుముందు ఉండి ఉండరు. డైరెక్టరుగారు చెమట తుడుచుకుని, నడిపే మనిషిని బట్టి ఫలితం మారవచ్చు కాబట్టి, సాక్షాత్తూ మంత్రిగారే అన్ని కార్లనూ మరోసారి పరీక్షిస్తే శాస్త్రీయంగా ఉంటుందని సెలవిచ్చారు. శాస్త్రం పట్ల మంత్రిగారికున్న గౌరవం అందరికీ తెలిసిందే. వెంటనే ఒప్పుకున్నారు.

ఆ పరీక్ష చూసినవాళ్ళు ధన్యులు. మంత్రిగారు మొదటి కారెక్కారు. పెడల్ అడుగంటా తొక్కారు. మొదటి మలుపు దేవుడి దయవల్ల దాటింది. రెండో మలుపులో గోడ. రెండో కారెక్కారు. రెండో మలుపులో గోడ. భోజనానికి లేచేసరికి ఇరవై కార్లు, ఇరవై గోడలు. "ఈ బ్రేకు ఏదయ్యా?" అని ముప్పై ఒకటో కారు దగ్గర అడిగారు. చూపించాను. "అది నాకెందుకు?" అన్నారు. సాయంత్రానికి నలభై రెండు కార్లూ ఒకే గోడకు, దాదాపు ఒకే ఇటుక దగ్గర గుద్దుకుని పూర్తయ్యాయి.

నేను మొహం దాచుకోవడానికి బల్ల కిందికి వెళ్ళాను. డైరెక్టరుగారు మాత్రం లెక్క చూసి లేచి నిలబడ్డారు. వారి మొహంలో వెలుగు.

"సార్! అన్ని కార్లూ పద్నాలుగు నుంచి పదిహేడు సెకన్లలోపే గోడ చేరాయి సార్. తేడా మూడే సెకన్లు!" అని మా చెల్లెలి వైపు తిరిగారు. "ఐదు సెకన్లలోపు తేడా ఉంటే ఒకే గ్రూపని నీ నివేదికలోనే రాశావు కదమ్మా?"

"అది రౌండు తిరిగొస్తే సార్..."

"రాశావా, లేదా?"

"రాశాను సార్."

నలభై రెండు కార్లు, ఒకే గ్రూపు. మర్నాడు పత్రికలు 'అసమానతలకు అడ్డుగోడ' అని పెద్ద అక్షరాల్లో వేశాయి. ఎర్రగుమ్మడి ఏ సిఫార్సూ లేకుండా మొదటి గ్రూపులో చేరింది. ఉన్నది ఆ ఒక్క గ్రూపే మరి.

ప్రారంభోత్సవ పందెం తేదీ పెట్టాక డైరెక్టరుగారికి అసలు జ్వరం మొదలైంది. ఎర్రగుమ్మడిలో మంత్రిగారు, మిగతా కార్లలో ఎవరిళ్ళలోంచి వాళ్ళు నలభై ఒక్కమంది ఆటగాళ్ళు, హాల్లో పెద్ద తెర, ఎదురుగా జనం. పద్నాలుగో సెకనులో ఏం జరుగుతుందో ఆయనకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. నన్నూ, మా చెల్లెలినీ సామాన్ల గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"మంత్రిగారి స్టీరింగు తీగ పీకెయ్యి. ఈ గదిలో ఇంకో స్టీరింగు పెట్టు. ఇక్కడి నుంచి నడిపేది మీ చెల్లెలు. ఈ సంగతి ఆయనక్కూడా తెలియకూడదు," అన్నారు. తర్వాత ఆమె వైపు చూశారు. "గెలిపించమ్మా. ఆర్డరు కాగితం నా సొరుగులో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ."

"గుమ్మడి గెలవలేదు సార్."

"మిగతావాటికి బరువు తగిలించు. ఒక్కోదానికి ఐదొందల కిలోలు. కంప్యూటర్లో కుదురుతుందని నువ్వే అన్నావుగా!"

ఇంటికొచ్చాక పిల్ల కంచం పక్కకి నెట్టేసింది. మా ఆవిడే కదిలించింది.

"ఏమిటే ఆ మొహం? ఎవరి పేరు మీదైతే ఏం, ఉద్యోగం నీది అవుతుంది కదా!"

"అది కాదు వదినా. ఐదొందల కిలోలు వేస్తే అవి కదలవు. అలాంటి పందెం నేను నడపను."

"నడపకపోతే?"

"నడుపుతాను. కానీ లెక్క నాది."

మూడు రోజులు కూర్చుని నలభై ఒక్క కార్లకూ విడివిడిగా లెక్క కట్టింది. దీనికి ఎనభై కిలోలు, దానికి నూట నలభై, ఇంకోదానికి బరువుతోపాటు ఇంజనుకి గాలి తగ్గింపు. అన్నీ ఎర్రగుమ్మడితో సరిగ్గా తూగేలా. ఎక్కువా లేదు, తక్కువా లేదు. మంత్రిగారు మైకులో ప్రకటించిన సమానత్వాన్ని ఆమె నిజంగానే చేసి పెట్టింది. డైరెక్టరుగారికి ఈ ముక్క చెప్పలేదు. చెబితే ఆయన గుండె ఆగిపోయేది.

పందెం రోజు మంత్రిగారు ఎర్ర హెల్మెట్ పెట్టుకుని వచ్చారు. హాలు దద్దరిల్లింది. నేను సామాన్ల గదిలో, విరిగిన కుర్చీల మధ్య, చెల్లెలి పక్కన నిలబడ్డాను. తలుపు సందులోంచి హాలు కనబడుతోంది.

ఐదు రౌండ్లు. మొదటి మలుపు దాటింది. రెండో మలుపూ దాటింది. డైరెక్టరుగారు అప్పుడు ఊపిరి తీసుకోవడం నేను చూశాను. మంత్రిగారు స్టీరింగు ఎడమకి తిప్పితే కారు కుడికి వెళ్తోంది. "నేను తప్పు తిప్పినా కారు సర్దుకుంటోంది చూశారా!" అని ఆయన పక్కవాళ్ళతో మురిసిపోయారు.

ఇక్కడ గదిలో మా చెల్లెలి మొహం నేనెప్పుడూ చూడనిది. ముందు పదకొండు కార్లు. ఒక్కదాన్నీ తొయ్యలేదు, తాకలేదు. ఒక మలుపులో ఆలస్యంగా బ్రేకు, ఇంకో మలుపులో కాస్త లోపలి దారి. ఒక్కొక్కటీ వెనక్కి వస్తోంది. అవతలి ఆటగాళ్ళూ ప్రాణం పెట్టి నడుపుతున్నారు. ఇంత సమంగా ఉన్న పందెం తామెప్పుడూ ఆడలేదని హెడ్‌ఫోన్ మైకుల్లో ఒకరితో ఒకరు అనుకుంటున్నారు. ఆరేళ్ళుగా మా పిల్ల టైపు కొట్టడానికే పనికొస్తుందనుకున్నారు ఈ శాఖవాళ్ళు. నాకు గర్వంతోపాటు కోపం కూడా వచ్చింది.

నాలుగో రౌండులో మంత్రిగారి ఫోను మోగింది. పార్టీ పెద్దల ఫోను కాబోలు, ఎత్తారు. ఒక చెయ్యి వదిలేశారు. తర్వాత రెండో చెయ్యీ వదిలేశారు. ఆ తర్వాత లేచి, మాట్లాడుకుంటూ కిటికీ దగ్గరికి నడిచి వెళ్ళారు. ఖాళీ కుర్చీ. పెద్ద తెర మీద ఎర్రగుమ్మడి మాత్రం ఇద్దర్ని దాటింది.

హాల్లో జనం కుర్చీనీ, తెరనూ మార్చి మార్చి చూశారు. డైరెక్టరుగారు తలుపు సందులోకి వచ్చి "ఆపమ్మా, ఆపు!" అని గుసగుసగా అరిచారు. ఆమెకు వినబడలేదు. వినబడినా ఆపేది కాదు. ఆఖరి మలుపులో సొరకాయని బయటి వైపు నుంచి దాటి, సగం కారు పొడవు తేడాతో గీత దాటింది. స్టీరింగు వదిలేసి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని నవ్వింది.

"అన్నయ్యా, గుమ్మడి గెలిచింది," అంది.

బయట మంత్రిగారు ఫోను పెట్టేసి తెర వైపు చూశారు. మొదటి స్థానం. ఒక విలేకరి లేచి, బహుశా కొత్తవాడు, అడిగాడు.

"సార్, మీరు కిటికీ దగ్గర ఉండగా కారు ఎవరు నడిపారు?"

మంత్రిగారు క్షణం ఆలోచించారు. ఖాళీ కుర్చీని చూశారు. డైరెక్టరుగారిని చూశారు. డైరెక్టరుగారు నేలను చూశారు.

"ఎవరూ నడపలేదు," అన్నారు మంత్రిగారు, చాలా గంభీరంగా. "మీరంతా చూశారుగా! ఒకసారి సమానత్వం అంటూ వచ్చాక కారు దానంతటదే నడుస్తుంది."

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు కొట్టినవారు డైరెక్టరుగారు.

నాలుగో రోజున శాఖ ఉత్తర్వు వెలువడింది. నోటీసు బోర్డుకు నేనే మేకు కొట్టాను కాబట్టి మొత్తం చదివాను. 'ఇటీవలి పందెములో నడుపువారు లేకనే వాహనము ప్రథమ స్థానము పొందియున్నది. కావున వాహనములను నడుపుటకుగాని, పరీక్షించుటకుగాని మనుష్యుల అవసరము లేదని రుజువైనది. అందువలన టెక్నికల్ టెస్టర్ పోస్టు ఇందుమూలముగా రద్దు చేయడమైనది.' కింద డైరెక్టరుగారి సంతకం, పచ్చసిరాతో.

ఉత్తర్వు ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను. ఒక్క అచ్చుతప్పు లేదు, ఒక్క కొట్టివేత లేదు. శాఖ మొత్తంలో అంత బాగా టైపు చేసేది మా చెల్లెలొక్కతే.