ఏకగ్రీవానికి అర్థం కుదిరిన విధం

"నిఘంటువు ఆఫీసంటే మాటలతో పని. ఒక్క మాట ఎక్కువైనా ఉద్యోగం ఊడుతుందే తల్లీ!" అని మా అమ్మాయి చేరిన రోజే చెప్పాను. అప్పటికింకా ఏమీ జరగలేదు. జరిగాక భయపడేవాళ్లు వేరే ఉంటారు. నేను ముందే భయపడి కూర్చుంటాను, తరవాత తీరిక దొరకదని.

ఆ ఆఫీసు గొప్పది. మాటలకు అర్థాలు ప్రభుత్వం తరఫున నిర్ణయిస్తుంది. అక్కడ అర్థం కుదరని మాట బయట ఎంత తిరిగినా లేనట్టే. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఆరో నెలలో మా అమ్మాయి బల్ల మీదికి "ఏకగ్రీవం" వచ్చింది. అర్థం, పుట్టుక రాసిమ్మన్నారు.

పుట్టుక సులువే. గ్రీవమంటే మెడ. అందరిదీ ఒకే మెడ అయినట్టు ఒప్పుకోవడం. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ మాట వాడుకకు ఉదాహరణలు చూపాలని నియమమట. బీరువా తెరిచి, సొంత ఆఫీసు మినిట్స్ పుస్తకాలే తిరగేసింది.

అక్కడి పద్ధతి చక్కనిది. సభ్యులకు శ్రమ ఉండకూడదని తీర్మానం ముందురోజే టైపవుతుంది. అధ్యక్షులవారు "అభ్యంతరం ఉందా?" అని అడిగి కళ్లజోడు తుడుచుకుంటారు. తుడవడం అయ్యేలోగా మాట్లాడనివాళ్లంతా ఒప్పుకున్నట్టు. నిద్రపోయిన సభ్యుడూ ఒప్పుకున్నట్టే. ఒక పెద్దాయన కాలం చేసి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆయన ఒక్క తీర్మానాన్నీ వ్యతిరేకించలేదు. ఉత్తమ సభ్యుడని ప్రశంసాపత్రం రాసి ఆయన కుర్చీలో పెట్టారు.

మా అమ్మాయి ఏం రాసిందంటే, "ఏకగ్రీవం: అడిగినవారు కళ్లజోడు తుడుచుకునేంతసేపు ఎవరూ నోరు మెదపకపోవడం." కింద నలభై తీర్మానాల తేదీలు.

"కొరివితో తల గోక్కుంటావెందుకే?" అన్నాను.

"అర్థం రాయమన్నారమ్మా, రాశాను. అబద్ధమైతే కొట్టేయమను."

"నిజమనేగా నా భయం!"

ఆ అర్థం ఖాయం చేసే మీటింగు రోజు ఇంట్లో కాలు నిలవక వెళ్లి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. సమావేశంలో ప్రజల తరఫున ఒకరుండాలని ఇంకో నియమం. ఎప్పుడూ టీ అతను కూర్చుంటాడట, ఆ రోజు అతనికి జ్వరం. "ఊరికే కూర్చోండి పిన్నిగారూ, ఫ్యానైనా ఉంటుంది," అంటూ అటెండరు నన్ను లోపలికి తీసుకెళ్లి, "ప్రజలు" అని చీటీ అంటించిన కుర్చీలో కూర్చోబెట్టాడు.

అధ్యక్షులవారు లేచారు. "ఏకగ్రీవం మన సంస్థకు ఊపిరి. ఇన్నేళ్లలో ఇక్కడ అభిప్రాయభేదం లేదు. ఒక్కోసారి అభిప్రాయమే లేదు! అట్టి పవిత్ర పదానికి 'అందరూ ఆనందంతో అంగీకరించుట' అనే అర్థం ఖాయం చేస్తూ, వికృతార్థం రాసిన ఉద్యోగినిని ఆమె సొంత కోరికపై తొలగిస్తూ తీర్మానం. అభ్యంతరం ఉందా?"

"నేనేం కోరలేదండీ!" అంది అమ్మాయి, వెనక కుర్చీలోంచి లేచి.

"తాత్కాలిక ఉద్యోగులకు అభ్యంతరం వర్తించదమ్మా. కూర్చో," అన్నారు ఎంతో మర్యాదగా.

సభ్యులు బల్లకేసి చూశారు. అయినా గదిలో గొంతు వినబడింది కనుక, నియమం ప్రకారం ఇక ప్రజలను, అంటే నన్ను, అడగడం విధాయకమైంది.

"ప్రజలేమంటారు?"

అమ్మాయి నా వంక చూసింది. పెద్దవాళ్లతో పెట్టుకుంటే రేపు ఇంకెక్కడా పని దొరక్కుండా చేస్తే? అధ్యక్షులవారు రెండో అద్దం కూడా తుడిచేశారు.

"మాకేం అభ్యంతరం బాబూ, అంతా మీ ఇష్టం," అన్నాను. కూర్చుని చెబితే బాగుండదని లేచి నిలబడి మరీ అన్నాను.